చూడ్డానికేముంది అక్కడ?

మా పక్కింటి దంపతులు దసరాకు ముందు అమెరికానుంచి తిరిగివచ్చారు. వారి పెద్దబ్బాయికి డెన్వరులో ఉద్యోగం. ఆరునెలలు అక్కడ ఉండి వచ్చినవారు ఊరకే ఉంటారా? ఒక సాయంకాలం మమ్మల్నిద్దరినీ పిలిచి, కాఫీ ఇచ్చి, సెల్‌ఫోనులోని ఫొటోలన్నీ టెలివిజను తెరమీద వేసి చూపించారు. వాటిలో నా మనసును పట్టుకొన్నవి సిల్వర్టన్ అనే ఊరి ఫొటోలు.

కొలరాడో రాష్ట్రంలో, సముద్రమట్టానికి తొమ్మిదివేల అడుగుల పైచిలుకు ఎత్తున, కొండల నడుమ ఇరుక్కొని ఉన్న చిన్న ఊరది. వెండికోసం పుట్టింది. 1882లో డురాంగో అనే ఊరినుంచి అక్కడికి సన్నపట్టాల రైలు వేశారు. కొండమీదివాళ్ళు గనులు తవ్వుతుంటే, కింది లోయల్లోనివాళ్ళు పశువుల మందలు పెంచి, వాళ్ళకు మాంసం అమ్మి బాగుపడ్డారు. ఆఖరి పెద్దగని 1991లో మూతబడింది. ఇప్పుడు ఆ ఊళ్ళో కాపురముండేవాళ్ళు ఏడువందలకు లోపే. రైలు మాత్రం నడుస్తూనే ఉంది, యాత్రికులకోసం.

"అంత దూరం టిక్కెట్టు కొనుక్కొని మరీ వెళ్ళాం సుమండీ, మూతబడిన గనులు చూడ్డానికి!" అన్నారు పక్కింటాయన మురిసిపోతూ.

ఇంటికి వచ్చి తలుపు తాళం తీస్తూ మా ఆవిడ అన్నది: "వదినగారు నలభై ఏళ్ళనుంచీ గనుల ఊళ్ళోనే ఉన్నారు గదా. మనం ఆ ఊరు చూడ్డానికని ఎప్పుడైనా వెళ్ళామా?"

వెళ్ళకేం, చాలాసార్లు వెళ్ళాము. మేనల్లుడి బారసాలకు వెళ్ళాము. మేనకోడలి పెళ్ళికి వెళ్ళాము. బావగారికి పచ్చకామెర్లు వస్తే పండ్లు పట్టుకొని వెళ్ళాము. రాత్రి బస్సు దిగడం, మర్నాడు రాత్రి బస్సు ఎక్కడం. ఊరు చూడ్డానికని వెళ్ళిన పాపాన పోలేదు.

గోదావరిఖనికి ఫోను చేశాను. మా అక్కయ్య పుట్టి పెరిగింది ఖమ్మంలోనే అయినా, నలభై ఏళ్ళ కాపురంలో మాట పూర్తిగా అక్కడి మాట అయిపోయింది.

"ఏం జూద్దామని తమ్మీ? బొగ్గు, దుమ్ము. చూడనీకి ఏమున్నది ఈడ?" అని నవ్వింది. తరువాత కాస్త ఆగి, "వస్తే ఇప్పుడే రా. మీ బావ పోయిన నెల రిటైరైండు. ఈ నెలాఖరుకు క్వార్టరు అప్పజెప్పాలె" అన్నది.

రెండో మాట నవ్వుతూ అనలేదు. అందుచేత ఆ వారమే బయలుదేరాము.

* * *

సరాసరి గోదావరిఖనికి పోకుండా ముందు ఇల్లందు చూద్దామన్నాను. పుట్టిల్లు చూడకుండా అత్తవారిల్లు చూస్తే సంగతి సగమే తెలుస్తుంది గదా. ఖమ్మంలో రైలు దిగి బస్సెక్కాము.

సింగరేణి బొగ్గుకు పుట్టిల్లు ఇల్లందు. చుట్టుపట్లవాళ్ళు చెప్పుకొనే కథ ఒకటుంది. భద్రాచలం పోయే యాత్రికులు దారిలో దిగి, మూడు నల్లరాళ్ళు తెచ్చి పొయ్యి పెట్టుకొన్నారట. కట్టెలు ఆరిపోయినా పొయ్యి ఆరలేదట! రాళ్ళే మండుతుంటే రాములవారి మహిమ అనుకొన్నారట. కథ మాట అటుంచితే, 1871లో ప్రభుత్వ భూగర్భశాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గు ఉన్నదని కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనులు తవ్వుకొనే హక్కు సంపాదించింది. 1889లో తవ్వకం మొదలైంది. దగ్గరలోని సింగరేణి అనే పల్లె పేరు బొగ్గుకు వచ్చింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినప్పుడు ఆ పేరే దానికీ పెట్టారు. ఇప్పటికీ ఆ తారీఖున గనుల ఊళ్ళన్నిటా పండుగ చేస్తారు. 1945లో నిజాం ప్రభుత్వం కంపెనీని తన చేతిలోకి తీసికొంది. ఇప్పుడు నూటికి 51 వంతులు తెలంగాణ ప్రభుత్వానిది, 49 వంతులు కేంద్రానిది.

బొగ్గు రాకముందు ఇక్కడ ఏముండేది? అడవి ఉండేది. కోయగూడేలు ఉండేవి. లంబాడీల పశువులు ఉండేవి. రైళ్ళు లేని కాలంలో లంబాడీలు వందలకొద్దీ ఎద్దులమీద ఉప్పూ ధాన్యమూ వేసికొని, సముద్రతీరంనుంచి దక్కనుదాకా నడిపించుకొని పోయేవారు. ఎద్దుల మందే వారి ఇల్లు, అదే బండి, అదే బొక్కసం. బొగ్గుతోబాటు రైలు వచ్చింది. రైలు వచ్చి వారి బేరం కాజేసింది. అప్పుడు తండాలు కట్టుకొని, పశువులు మేపుకొంటూ, అడవి అంచున సేద్యం చేసికొంటూ నిలిచిపోయారు. కొందరు గనిలోకి దిగారు. ఎద్దుమీద బరువు వేసిన చేతులే తట్టలో బొగ్గు ఎత్తినవి.

ఇల్లందు పట్టణంలోని పాత భూగర్భగనులు మూతబడినవి. ఆ చుట్టుపక్కల ఇప్పుడున్నవి పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనులు. కంపెనీ కార్యస్థానం ఏనాడో కొత్తగూడెం తరలిపోయింది. మూసిన గనుల ఊరు గనుక బోసిగా ఉంటుందని ఊహించుకొని వచ్చానేమో, బజారులో నడవడానికి చోటులేక నేనే పక్కకు తప్పుకోవలసి వచ్చింది. బట్టల దుకాణాలు, విత్తనాల దుకాణాలు, పెళ్ళిసామాన్ల దుకాణాలు కిటకిటలాడుతున్నవి. అద్దాల రవికలు తొడుక్కొన్న ముసలమ్మలు బేరమాడుతున్నారు.

టీ తాగుతూ హోటలాయనను అడిగాను, "గనులు మూసిన తరువాత ఊరు ఖాళీ కాలేదా?" అని.

"కొంత అయింది సార్. కంపెనోళ్ళు పోయిండ్రు. అంగడి పోలే" అన్నాడు. "చుట్టూ తండాలున్నయ్, గూడేలున్నయ్. పెండ్లికైనా పంటకైనా వాళ్ళు ఈడికే రావాలె. బొగ్గు రాకముందు ఉన్నోళ్ళే, బొగ్గు పోయినంక మమ్మల్ని సాకుతున్నరు."

ఈ మాట నేను జేబులో వేసికొని ఇల్లందు వదిలాను. దీని అవసరం తరువాత పడింది.

* * *

మహబూబాబాదులో రైలెక్కి రామగుండంలో దిగాము. కాజీపేట దాటినప్పటినుంచీ ఎదురుగా బొగ్గు బండ్లు వస్తూనే ఉన్నవి. మా ఆవిడ ఒక బండికి పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, యాభై దాటాక మానేసింది.

గోదావరి, ప్రాణహిత నదుల లోయ పొడుగునా భూమి పొరల్లో బొగ్గు ఉన్నది. పాతిక, ముప్ఫై కోట్ల సంవత్సరాల కిందటి అడవులు బురదలో మునిగి, మట్టి కప్పుకొని, నొక్కుకొని నొక్కుకొని బొగ్గయినవి. ఈ రాతిపొరలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా. ఆదిలాబాదు అడవుల్లో పశువులు కాచుకొనే గోండుల పేరే అది. తరువాత ఆ పేరే, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, మన దేశమూ ఒకటిగా కలిసి ఉన్ననాటి మహాఖండానికి కూడా పెట్టారు. ప్రపంచంలో ఎక్కడ భూగోళశాస్త్రం చదివే పిల్లవాడైనా మన గోండుల పేరు వల్లించవలసిందే. ఈ సంగతి గోండులలో ఎందరికి తెలుసో!

స్టేషనునుంచి గోదావరిఖనికి ఆటోలో పోతుంటే ఊళ్ళ పేర్లు గమ్మత్తుగా వినిపించినవి. మన ఊళ్ళకు దేవుళ్ళ పేర్లో నాయకుల పేర్లో ఉంటాయి. ఇక్కడ ఒక పేట పేరు ఎయిట్ ఇంక్లైన్ కాలనీ. ఇంక్లైను అంటే భూమిలోకి ఏటవాలుగా దిగే గని దారి. ఎనిమిదో నంబరు గని ఉన్న చోటు గనుక ఊరికి అదే పేరు. బొగ్గు తవ్వకం మొదలై నూరేళ్ళయినందుకు కట్టిన పేట సెంటినరీ కాలనీ. అసలు ఊరి పేరే గోదావరి ఒడ్డు గని అని గదా! 1960 ప్రాంతాలలో గనులు తెరిచేనాటికి ఇదంతా అడవీ, బీడూ, చెదురుమదురు పల్లెలూ. మా అక్కయ్య అత్తగారు కాపురానికి వచ్చిన కొత్తలో, రాత్రి షిఫ్టుకు పోయేవాళ్ళు అడవిజంతువుల భయంతో గుంపుగా కర్రలు పట్టుకొని పోయేవారట.

మేము వెళ్ళేసరికి బావగారు వాకిట్లో కుర్చీ వేసికొని కూర్చున్నారు. రెండు గదులు, వంటిల్లు, చిన్న దొడ్డి ఉన్న క్వార్టరు. దొడ్డిలో కరివేపచెట్టు, నిమ్మచెట్టు, మల్లెపొద. ఇరవై ఏళ్ళుగా మా అక్కయ్య పెంచినవి. గోడకు ఆనించి కట్టిన సామాను మూటలు ఉన్నవి.

"ఏం బావమరిదీ, మమ్మల్ని జూడనీకి కాదట, ఊరు జూడనీకి వచ్చినవట!" అని పలకరించారు.

బావగారు బదిలీ వర్కరుగా చేరి, సర్దారు పరీక్ష ప్యాసై, ఓవర్‌మన్‌గా రిటైరైనారు. ఇక్కడ ఎవరూ గని అనరు, బాయి అంటారు. "బాయి మీదికి పోయిండు", "బాయి దిగిండు" అనడమే వాడుక. లోపల ఎలా ఉంటుందో చెప్పమని మా ఆవిడ అడిగింది. ఆయన మాటలతో చెప్పకుండా లోపలికి పోయి, మా అక్కయ్య మాకోసం చేసి పళ్ళెంలో పోసి ఉంచిన మైసూరుపాకు తెచ్చారు. ఇంకా ముక్కలు కోయలేదు. చాకు తీసికొన్నారు.

"ఇది బొగ్గు పొర అనుకోండి" అని, పొడుగునా నాలుగు సందులు, అడ్డంగా నాలుగు సందులు కోసి, ఆ సందుల్లోని పాకం తీసి మా ఆవిడ చేతిలో పెట్టారు. "సందులు తీసినం. నడుమ చదరాలు మిగిలినయ్ గద, ఇవి స్తంభాలు. పైకప్పును ఇవి మోస్తయ్. మొదలు సందులు మాత్రమే తవ్వాలె. బొగ్గంత తవ్వుకుంట చివరిదాక పోయి, ఎనుకకు మర్లి, ఆఖరి స్తంభం కాడికెల్లి ఒక్కొక్కటి తీసుకుంట బయటికి రావాలె." చివరి చదరం తీశారు. "ఇది తీసినంక పైకప్పు ఊకుంటదా? కూలుతది. పైన ఊరున్నా, వాగున్నా కూలనియ్యొద్దు. అట్ల ఉన్నకాడ గోదావరి ఇసుకను నీళ్ళతోని పైపులల్ల పంపించి ఆ ఖాళీని నింపుతరు." ఖాళీలో చెంచాతో పంచదార పోశారు.

బొగ్గు పైకి వచ్చి కరెంటై మన ఇళ్ళకు పోతుంది. నది ఒడ్డున ఉండవలసిన ఇసుక బొగ్గు స్థానంలోకి పోయి ఊరిని మోస్తుంది. నేను ఇన్నాళ్ళు ఈ ఊరికి వస్తూ పోతూ, నా కాళ్ళ కింద ఏమున్నదో ఒక్కసారి కూడా అడగలేదు.

మా ఆవిడ మైసూరుపాకు నోట్లో వేసికోబోతూ ఆగి, "స్తంభం తీసేటప్పుడు భయం వెయ్యదా అన్నయ్యగారూ?" అన్నది.

ఆయన జవాబు చెప్పలేదు. వంటింటి గుమ్మంలో నుంచున్న మా అక్కయ్య చెప్పింది.

"భయం ఆయనకెందుకు, నాకుండె గద" అన్నది. "రెండో షిఫ్టైతే అన్నం వండి మూతబెట్టి కూసునేదాన్ని. మోటారుసైకిలు చప్పుడు వినబడితేనే పొయ్యి ముట్టించి కూర వెచ్చబెట్టేది. ఆ ఏడు మాత్రం..." అని ఊరుకొన్నది.

ఏ యేడో మాకు చెప్పనక్కరలేదు. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. బావగారు ఆ గనిలో పనిచేసినవారు కారు. కాని చనిపోయినవారిలో ఒకరు వీళ్ళ వీధివారు. నెల రోజులు ఆ వీధిలో ఎవరింట్లోనూ పోపు పెట్టలేదని మా అక్కయ్య చెప్పింది. సంతాపానికి ఇంతకన్న గుర్తు నేను వినలేదు.

* * *

మర్నాడు బావగారు మమ్మల్ని ఓపెన్‌కాస్టు గని అంచుకు తీసికొని వెళ్ళారు. సందర్శకులు నిలబడి చూడ్డానికి ఒక చోటు ఉన్నది. కిందికి చూస్తే కళ్ళు తిరిగినవి. మెట్లు మెట్లుగా భూమిని తవ్వుకొంటూ పోయారు. అడుగున పనిచేసే పెద్దలారీలు చీమల్లా ఉన్నవి. ఈనాడు సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఇలా పైనుంచి తవ్వి తీసేదే. భూగర్భంలో తట్టా చెమ్మసూ పట్టి బొగ్గు ఎత్తే పని యంత్రాల పాలైంది. 1990 ప్రాంతంలో లక్షకు మించి ఉన్న కార్మికులు ఇప్పుడు నలభైవేల సుమారు.

తవ్విన మట్టిని పక్కన పోస్తూ పోతే అవి గుట్టలైనవి. చిన్నవి కావు, నిజమైన కొండలే. సిల్వర్టన్‌లో కొండలు ముందు పుట్టి గనులు తరువాత వచ్చినవి. ఇక్కడ గనులు ముందు, కొండలు తరువాత! కొన్నిటిమీద చెట్లు కూడా పెంచారు.

అలాంటి గుట్ట వాలున ఒక గొర్రెలమంద మేస్తున్నది. భుజాన గొంగడితో ఒక ముసలాయన ఉన్నాడు. బావగారికి ఆయన తెలుసు. కుశలప్రశ్నలయ్యాక నేను అడిగాను, "మీ నాయన కాలంలో మంద ఎక్కడ మేసేది పెద్దయ్యా?" అని.

ఆయన కర్ర ఎత్తి గనివైపు చూపించాడు. కింది అడుగునకు కాదు. మాకు సమానమైన ఎత్తున, ఆ గోతిమీద ఉన్న ఖాళీ ఆకాశంవైపు.

"అగో, ఆ గాలిల" అన్నాడు. "ఆడ బంచరాయి ఉండె. ఊరందరి పశులు మేసేటియి. కుంట ఉండె. ఇప్పుడు గాలి ఉన్నది."

పల్లెకు నష్టపరిహారం ఇచ్చారు. ఇళ్ళ స్థలాలు ఇచ్చారు. కొందరి పిల్లలకు ఉద్యోగాలు కూడా వచ్చినవట. కాని బంచరాయి ఏ ఒక్కరి పేరనా లేదు గదా, దానికి బదులుగా మేత నేల ఎవరికి ఇవ్వాలి? అందుచేత అది ఎవరికీ రాలేదు. ఆయన ఇప్పుడు మందను రోజూ ఎంతో దూరం నడిపించి, ఎండాకాలం గోదావరి ఇసుకదిబ్బలదాకా తోలుకొని పోతాడు. "బొగ్గు తియ్యొద్దని నేను అంటనా? నా కొడుకు గూడ ఆండ్లనే డ్రైవరు" అన్నాడు. తిడితే వినడం తేలిక. ఆయన తిట్టలేదు.

సాయంత్రం రామగుండం దగ్గరి రాముని గుండాల కొండ ఎక్కాము. వనవాసంలో రాముడు ఇక్కడ ఆగాడనీ, కొండమీద 108 గుండాలు ఉన్నవనీ ప్రతీతి. మా ఆవిడ ఇరవైదాకా లెక్కపెట్టి రాముడికే వదిలేసింది. పైనుంచి చూస్తే ఈ ప్రాంతపు చరిత్ర అంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. ఒకవైపు గోదావరి. నీరూ బొగ్గూ ఒక్కచోట దొరికినవి గనుకనే కరెంటు కర్మాగారాలు ఇక్కడికి వచ్చినవి. ఎన్‌టీపీసీ కేంద్రానికి 1978లో పునాది వేశారు. మొదటి యూనిట్ 1983లో నడిచింది. దానికన్న ముందే, 1971లో మొదలైన రాష్ట్రప్రభుత్వపు 62.5 మెగావాట్ల కేంద్రం ఒకటి ఉండేది. యాభై ఏళ్ళకు పైగా పనిచేసి 2024లో ఆగిపోయింది. బొగ్గుతో నడిచే ఎరువుల కర్మాగారం 1999లో మూతబడి, ఆ స్థలంలో గ్యాసుతో నడిచే కొత్తది 2021లో మొదలైంది. తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం. దీపాలు వెలుగుతుంటే అన్నిటినీ చూపిస్తూ పేర్లు చెప్పిన బావగారు, ఆఖరుకు తమ క్వార్టరున్న దిక్కు చూపించి ఏమీ అనలేదు.

* * *

ఆ రాత్రి భోజనాల దగ్గర అసలు సంగతి వచ్చింది. మా మేనల్లుడు హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగి. పదో అంతస్తులో ఫ్లాటు కొన్నాడు. వచ్చి తన దగ్గర ఉండమంటున్నాడు.

"నలభై ఏండ్లు కిందికి దిగినోన్ని, ఇప్పుడు పైకి ఎక్కుమంటడు" అన్నారు బావగారు. "ఆడ నాకు తెలిసినోళ్ళెవరు? లిఫ్టు ఒక్కటే."

నవ్వాము గాని, చిక్కు నిజమైనదే. గనుల ఊళ్ళో ఇల్లు ఉద్యోగానిది. ఉద్యోగం అయిపోగానే ఇల్లు వదలాలి. నలభై ఏళ్ళున్నా ఊరివాళ్ళు ఊరికి అతిథులే. సొంత పల్లెలో ఉన్న వాటా ఎన్నడో అన్నదమ్ములకు వదిలేశారు. బొగ్గు అయిపోతే ఊరు ఏమవుతుందని మనం పెద్దమాటలతో అడుగుతుంటాము. రిటైరయ్యే ప్రతి ఇంట్లోనూ ఆ ప్రశ్న ఈ నెలాఖరుకే జవాబు చెప్పమంటుంది.

"మరి ఏం చేస్తారు?" అన్నాను.

మా అక్కయ్య చారు వడ్డిస్తూ, మామూలు మాటలా అన్నది: "మార్కెటు ఎనుక రెండు గదులు కిరాయికి జూసిన. అడ్వాన్సు ఇచ్చి పది దినాలైంది."

బావగారు కంచంలోంచి తల ఎత్తారు. ఆయనకూ ఇదే వినడం!

"ఈడ కూరగాయలామె నాకు అప్పు ఇస్తది" అన్నది మా అక్కయ్య. "హైదరాబాదుల ఎవరిస్తరు? అప్పు పుట్టిన కాడనే మనిషి ఉండాలె."

నేను అక్కడ ఇల్లందు హోటలాయన మాట జేబులోంచి తీసి చెప్పాను. బొగ్గు రాకముందు ఉన్నవాళ్ళే బొగ్గు పోయిన తరువాత ఊరిని సాకుతున్నారన్న మాట. బావగారు చాలాసేపు ఆలోచించి, "అట్లైతే ఇక్కడ వాళ్ళను ఊరంచుకు ఎల్లగొట్టొద్దు గద" అన్నారు. గుట్టమీది ముసలాయనను తలచుకొని అన్నారని నాకు అర్థమైంది.

గని ఊరు నిలవాలంటే గని ఒక్కటే చాలదని నాకు ఈ ప్రయాణంలో తెలిసింది. చుట్టూ ఉన్న పల్లె, మంద, పాలు, పంట ఆ ఊరితో బేరసారాలు మానకూడదు. ఇల్లందుకు తండాలు మిగిలినవి గనుక అంగడి మిగిలింది. గోదావరిఖనికి ఏమి మిగులుతుందో, బొగ్గు ఉండగానే చూసుకోవాలి.

మర్నాడు తెల్లవారుజామున పాలు పోసే ఆమె వచ్చింది. గని విస్తరణలో తరలిపోయిన ఒక పల్లె ఆమెది. రెండు బర్రెలను మాత్రం వదులుకోలేదు. మూటలు చూసి, "యాడికి పోతున్నరక్కా?" అన్నది. చెప్పాము. "మార్కెటు ఎనుకకా? నేను ఆడికి గూడ వస్త. రెండు సందులే గద" అని, లీటరు కొలిచి, పైన కాస్త కొసరు పోసి వెళ్ళిపోయింది. మా అక్కయ్య ముఖంలో ఆ రెండు రోజులలో మొదటిసారి తేలిక కనిపించింది.

* * *

పిల్లలతో వెళ్ళదలచినవారికి రెండు ముక్కలు. హైదరాబాదునుంచి రాజీవ్ రహదారిమీద నేరుగా బస్సులున్నవి. రైలైతే రామగుండం స్టేషనులో దిగాలి. కార్తీకంనుంచి మాఘందాకా మంచికాలం. వేసవిలో వెళ్ళకండి, రామగుండం ఎండ రాష్ట్రంలోనే పేరుమోసినది. రెండేళ్ళకొకసారి మాఘపున్నమికి గోదావరి ఒడ్డున సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. పల్లె, తండా, గని మూడూ ఒక్కచోట చూడాలంటే అప్పుడు వెళ్ళాలి. 2022 చివర ఆర్టీసీవారు గోదావరిఖనినుంచి సింగరేణి దర్శన్ అనే బస్సు యాత్ర మొదలుపెట్టారు. మేము వెళ్ళిన రోజున ఆ బస్సు లేదు. ముందుగా డిపోలో కనుక్కొని బయలుదేరడం మంచిది. గనుల దగ్గర అడగకుండా ఫొటోలు తీయకండి. బాయి దిగి వస్తున్న మనిషిని ఆపి ప్రశ్నలు వేయకండి. అతనికోసం ఇంట్లో అన్నం మూతపెట్టి ఉంటుంది.

బ్రిటన్‌లోని వేల్సులో బిగ్ పిట్ అనే బొగ్గుగని 1980లో మూతబడితే, 1983లో దాన్ని ప్రదర్శనశాలగా తెరిచారు. గనుల్లో పనిచేసినవారే తలకు దీపం కట్టుకొని, సందర్శకులను కిందికి దింపి చూపిస్తారు. మన ఇల్లందులో అలాంటిది ఒకటి పెడితే, మైసూరుపాకు చేతపట్టుకొని అన్నీ వివరించడానికి మా బావగారు సిద్ధంగా ఉన్నారు.

మేము తిరుగు ప్రయాణమైన నాడే క్వార్టరు తాళంచెవి అప్పజెప్పారు. కరివేపచెట్టును పెళ్ళగించలేము గదా, కింద మొలిచిన రెండు పిలకలు తీసి మా అక్కయ్య పాత పెయింటుడబ్బాలో నాటుకొన్నది. మరో పిలక మాకు ఇచ్చింది. అది ఇప్పుడు మా బాల్కనీలో ఉన్నది. రెండాకులు వేసింది.

నిన్న పక్కింటాయన దాన్ని చూసి, "ఎక్కడిదండీ?" అని అడిగారు.

"గోదావరిఖనినుంచి తెచ్చాము. ఊరు చూడ్డానికి వెళ్ళాము" అన్నాను.

"గోదావరిఖనా? చూడ్డానికేముందండీ అక్కడ?" అన్నారు ఆయన.

సాయంత్రం కాఫీకి రమ్మన్నాను. మైసూరుపాకు చేయమని మా ఆవిడకు చెప్పాను. ముక్కలు మాత్రం కోయవద్దన్నాను.